ఇరవై ఏళ్ల తర్వాతి లోకాన్ని ఊహించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్ల తోతాపురి మామిడి తోపు మూడెకరాలు. తిరుపతిలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసులో ఉద్యోగం. మీకు 36 ఏళ్లు, పిల్లలకు 9, 5, ఊళ్లో ఉన్న అమ్మకు 62. ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ప్లాటు కొనాలన్న ఆలోచన. "ఒకరోజు ఏఐ ఉద్యోగాలన్నీ మింగేస్తుందంటారు, ఇంకోరోజు మనిషి నూటయాభై ఏళ్లు బతుకుతాడంటారు, మరోరోజు అంగారకుడి మీద ఊళ్లు కడతామంటారు. ఏది నమ్మి పిల్లల చదువు, తోపు, నా ఉద్యోగం గురించి నిర్ణయం తీసుకోవాలి? జోస్యం వద్దు, ఆలోచించే పద్ధతి చెప్పండి" అన్నారు.

సూటిగా చెబుతాను. ఏ ఒక్క భవిష్యత్తునీ నమ్మొద్దు. మిషన్లతో మొదలుపెట్టొద్దు, వయసులతో మొదలుపెట్టండి. నెమ్మదిగా కదిలేవాటి గురించి దాదాపు కచ్చితంగా చెప్పొచ్చు. వేగంగా కదిలేవాటి గురించి ఎవరూ చెప్పలేరు. కాబట్టి ముందు నెమ్మదివాటిని కాగితం మీద పెట్టి, వాటి మీద నాలుగు రకాల ఊళ్లను ఊహించి, నాలుగింట్లోనూ నిలబడే నిర్ణయాలను ఇప్పుడే తీసుకోండి. మిగతావాటికి గుర్తులు రాసి పెట్టుకుని ఆర్నెల్లకోసారి చూసుకోండి. మొత్తం పనికి ఒక పొడుగు నోటుబుక్కు, మూడు సాయంత్రాలు చాలు.

మొదటి సాయంత్రం: వయసుల పట్టిక

పైన అడ్డంగా 2026, 2031, 2036, 2041, 2046 అని రాయండి. నిలువుగా ఇంట్లో వాళ్లందరి పేర్లు. వాటి కింద మనుషులు కానివి కూడా రావాలి: తోపు, బోరు, మోటారు, ఇంటి శ్లాబు, బ్యాంకు లోను. ఒక్కో గడిలో ఆ ఏడాదికి దాని వయసు మాత్రం వేయండి. కలలు రాయొద్దు. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. 2036 గడిలో "డాక్టర్" అని రాసేస్తారు. అక్కడ ఉండాల్సింది "19" అన్న అంకె ఒక్కటే.

మీ పట్టిక పూర్తయితే 2046లో మీకు 56, అమ్మకు 82, పెద్దపాపకు 29, చిన్నవాడికి 25, తోపుకు 38. సబ్‌మెర్సిబుల్ మోటారు ఈలోపు కనీసం రెండుసార్లు మారి ఉంటుంది. ఇప్పుడు ఆ పట్టికను నిలువుగా చదవండి. 2041 వరస కింద ఏముంది? అమ్మకు 77, మీకు 51, పెద్దపాప 24లో ఉద్యోగమో పెళ్లో, చిన్నవాడు 20లో కాలేజీ ఫీజు, తోపు ముదురుతోంది. ఖర్చులన్నీ ఒకే ఏడాది మీద వచ్చి కూర్చున్నాయి. ఏఐ ఉన్నా లేకపోయినా ఈ వరస మారదు. మీ భవిష్యత్తులో సగం ఇదే. ఏ వార్తల చానెలూ మీకు ఇది చెప్పదు.

ఇదే లెక్కను ఊరికి వేయండి. అందుకు మంచి ఆధారం మీ ఊరి బడిలో ఒకటో తరగతి రిజిస్టరు. పదేళ్ల కిందట ఎంతమంది చేరారో, ఈ ఏడాది ఎంతమంది చేరారో హెడ్మాస్టర్ గారిని అడగండి. ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కేవాళ్లను కూడా కలిపి లెక్కవేయాలి, లేకపోతే సంఖ్య తప్పుదారి పట్టిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. తరం తగ్గకుండా నిలబడాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న 1994 నాటి నిబంధనను రాష్ట్రం 2024లో ఎత్తేసింది. ముప్పై ఏళ్లలో ప్రభుత్వమే అటు నుంచి ఇటు తిరిగిందంటే, నెమ్మదిగా కదిలేది ఎంత బలంగా కదులుతుందో చూడండి. ప్రపంచ జనాభా కూడా 2080ల మధ్యలో సుమారు 1030 కోట్ల దగ్గర శిఖరానికి చేరి తర్వాత తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. మీ మనవళ్లు పెద్దయ్యేసరికి లోకం ముందున్న సమస్య జనం పెరగడం కాదు, ముసలివాళ్లను చూసుకునే చేతులు తక్కువ పడటం.

మూడు వేగాలు

సాంకేతికం ఐదేళ్లలో మారుతుంది. అలవాట్లకు పదిహేనేళ్లు పడుతుంది. చట్టం, భూమి రికార్డు, బీమా, కులం, పెళ్లి వంటివాటికి ఒక తరం పడుతుంది. కొత్త మిషన్ ఏదైనా రావాలంటే ముందు ఏమేం ఉండాలో అడగండి. యూపీఐ 2016లో వచ్చి రెండు మూడేళ్లలో టీకొట్టు దాకా వెళ్లిందంటే, దానికి ముందే ఆధార్ ఉంది, 2014 నుంచి జన్‌ధన్ ఖాతాలున్నాయి, 2016 సెప్టెంబరులో జియోతో డేటా చవకైంది. వేదిక ఏళ్ల తరబడి కడుతున్నారు, మనం చూసింది చివరి రోజు తోరణాలు. అదే డ్రైవర్ లేని కారు సంగతి చూడండి. కారు సిద్ధంగా ఉన్నా, గుద్దితే ఎవరి మీద కేసు, బీమా ఎవరు కడతారు, మన ఊరి రోడ్డుమీద ఆరబోసిన వేరుశనగ సంగతేంటి అన్నవి తేలలేదు. అందుకే అది మీ పట్టికలో 2031 గడిలో రాదు.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. కొత్త వస్తువు నూటికి ఒక్క ఇంట్లో ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు. రెండేళ్లకోసారి రెట్టింపవుతుంటే 1, 2, 4, 8, 16, 32, 64: ఆరు రెట్టింపులు, పన్నెండేళ్లు. మొదటి ఆరేళ్లూ "ఏమీ రాలేదే" అంటారు. తర్వాతి ఆరేళ్లలో "రాత్రికి రాత్రి వచ్చేసింది" అంటారు. రెండూ తప్పే.

మీ ఉద్యోగం: పేరు చూడొద్దు, పనులు చూడండి

"అకౌంటెంట్ ఉద్యోగం పోతుందా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఒక వారం పాటు మీ పనిని పావుగంట ముక్కలుగా రాయండి. ఒక్కో ముక్క పక్కన ఒక గుర్తు: ఎక్కించడం, సరిచూడటం, మనుషులతో మాట్లాడటం, నిర్ణయించి బాధ్యత తీసుకోవడం. వారం చివర గంటలు కూడండి.

జీఎస్టీ ఆఫీసులో అది సాధారణంగా ఇలా తేలుతుంది. బిల్లులు ఎక్కించడం పోయే పని. జీఎస్టీఆర్-2బీతో (అమ్మినవాళ్లు పోర్టల్‌లో చూపిన బిల్లుల జాబితాతో) కొనుగోళ్లు సరిచూడటం చాలావరకు పోతుంది. మిగిలేవి వేరే: నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కు 11వ తేదీ గడువులోపు కొట్టు యజమాని చేత బిల్లులు తెప్పించడం, ఏ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు తగ్గింపు) తీసుకోకూడదో చెప్పడం, నోటీసుకు జవాబు రాయడం, ఆఫీసరు ముందు కూర్చుని వివరించడం. మీ వారంలో మొదటి రెండిటికి సగం కన్నా ఎక్కువ గంటలు పోతుంటే ప్రమాదం ఉన్నట్టు. మానేయాల్సిన పనిలేదు. ఆర్నెల్లకోసారి వారానికి నాలుగు గంటల చొప్పున పని ఇటు నుంచి అటు జరుపుకోండి. నోటీసుల ఫైళ్లు నాకివ్వండని మీరే అడిగి తీసుకోవాలి. ఎవరూ పిలిచి ఇవ్వరు.

దీనికి ముందస్తు గుర్తు ఒకటుంది, మీ ఆఫీసులో చాలామంది దాన్ని గుర్తుగా చూడరు. ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును వేసేటప్పుడే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి చేసిన టర్నోవర్ పరిమితి 2020 అక్టోబరులో 500 కోట్లు, 2021 జనవరిలో 100, అదే ఏడాది ఏప్రిల్‌లో 50, 2022 ఏప్రిల్‌లో 20, అక్టోబరులో 10, 2023 ఆగస్టులో 5 కోట్లు. బిల్లు పుట్టినచోటే పోర్టల్‌లోకి వెళ్లిపోతే ఎక్కించేవాడితో పనేముంది? ఆ పరిమితి మీ క్లయింట్ల టర్నోవర్ దాకా దిగిన రోజు ఎక్కించే పనికి గడువు పడినట్టే. ఏఐ గురించిన వంద వీడియోల కన్నా ఈ ఒక్క అంకెను గమనించడం మేలు.

యంత్రం వచ్చాక చేతిపని మాయం కాదు, రెండుగా చీలుతుంది. శ్రీకాళహస్తి కలంకారీని చూడండి. స్క్రీన్ ప్రింటు బట్ట చవక గిరాకీని పట్టుకుపోయింది. కరక్కాయ, పాలల్లో నానబెట్టిన గుడ్డమీద వెదురు కలంతో గీసేది మిగిలింది, ఖరీదుగా, తక్కువమంది చేతుల్లో. మధ్యరకం పని చేసేవాళ్లే నలిగిపోయారు. మీ రంగంలోనూ నలిగేది మధ్యరకమే.

రెండో సాయంత్రం: నాలుగు ఊళ్లు

పేజీ మధ్యలో ప్లస్ గుర్తులా రెండు గీతలు గీయండి. గీతకు ఎంచుకునే విషయానికి రెండు లక్షణాలుండాలి: మీ బతుకును గట్టిగా మార్చేదై ఉండాలి, ఎటు పోతుందో తెలియనిదై ఉండాలి. ఏఐని గీతగా పెట్టొద్దు. అది నాలుగు ఊళ్లలోనూ వస్తుంది. మీ విషయంలో నేనైతే ఒక గీతకు నీళ్లు (బోరు నిలుస్తుందా, లేదా), ఇంకోదానికి మనుషులు (పనిచేసే వయసువాళ్లు ఊళ్లో ఉంటారా, బెంగళూరు, చెన్నై పోతారా) అని పెడతాను.

నీళ్లూ మనుషులూ ఉంటే కళకళలాడే ఊరు. నీళ్లుండి మనుషులు లేకపోతే తాళాల ఊరు: తోపులు కౌలుకు, ఇళ్లకు తాళాలు, పండగకు మాత్రం కార్లు. మనుషులుండి నీళ్లు లేకపోతే ట్యాంకర్ల ఊరు: సేద్యం కాకుండా ఎక్స్‌ప్రెస్‌వే మీదా, ఫ్యాక్టరీ బస్సుల మీదా బతికేది. రెండూ లేకపోతే ముసలివాళ్ల ఊరు. ఒక్కోదానికి అర పేజీ రాయండి. అది 2041లో ఒక మామూలు మంగళవారం కావాలి: పొద్దున అమ్మకు మందులు ఎవరు తెచ్చారు, తోపులో కాయ ఎవరు కోశారు, కరెంటు ఎక్కడిది. "అభివృద్ధి చెందింది" లాంటి మాట రాస్తే కొట్టేయండి.

ఇప్పుడు చేతిలో ఉన్న నిర్ణయాలను ఒక్కొక్కటే నాలుగు ఊళ్లలో పెట్టి చూడండి.

ఇంటిమీద మూడు కిలోవాట్ల సోలార్ నాలుగింట్లోనూ పనికొస్తుంది. సుమారు 300 చదరపు అడుగుల నీడపడని శ్లాబు కావాలి, రోజుకు సగటున 12 యూనిట్ల దాకా వస్తుంది, కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల రాయితీ ఉంది. పలకలకు సాధారణంగా 25 ఏళ్ల వారంటీ ఇస్తారు, కానీ ఇన్వర్టర్‌ను పదేళ్ల చుట్టూ ఒకసారి మార్చాలి. ఆ ఖర్చును పట్టికలో 2036 గడిలో ఇప్పుడే వేసుకోండి. దుమ్ము తుడవకపోతే ఉత్పత్తి తగ్గుతుంది. ముసలివాళ్ల ఊళ్లో మేడెక్కి తుడిచేదెవరన్నది కూడా ఆలోచించండి.

వెయ్యి అడుగుల కొత్త బోరు రెండు ఊళ్లలోనే పనికొస్తుంది, మిగతా రెండింట్లో డబ్బు రాళ్లలో పోసినట్టే. మామిడి కొద్ది నీళ్లతో బతికే చెట్టు, డ్రిప్పు, సేద్యపు కుంట ముందు చూడండి.

తోపు సంగతి కొంచెం వివరంగా. మూడెకరాలూ తోతాపురే అంటే మీ కాయకు గుజ్జు ఫ్యాక్టరీ తప్ప పెద్ద గిరాకీ లేదన్నమాట. 2025 సీజన్‌లో ఏమైందో మీకు తెలుసు: ర్యాంపుల్లో (కాయ కొనే మండీల్లో) ధర పడిపోతే, ఫ్యాక్టరీలు కిలోకు 8 ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 కలుపుతుందని ప్రకటించాల్సి వచ్చింది. అలాగని మొత్తం కొట్టేసి బేనీషా, ఖాదరు పెట్టడం కూడా పందెమే. తినే రకాలను తొడిమెతో కోయాలి, సొన అంటకుండా దించాలి, ఏరాలి, అంటే మనుషులు కావాలి. తాళాల ఊళ్లో అది కుదరదు. అందుకని మూడో వంతు చెట్లకు మాత్రం కొమ్మలు నరికి, వచ్చిన కొత్త చిగుళ్లకు అంటు కట్టించండి. మూడో ఏడు నుంచి కాపు మొదలవుతుంది, ఈలోపు మిగతా రెండు వంతులు ఇల్లు నడుపుతాయి. ఒకే ఏడాది అన్నీ నరికితే మూడేళ్లు చేతికి ఏమీ రాదు. నరికిన మోడులకు బోర్డో పేస్టు పూయకపోతే కుళ్లు పడుతుంది.

ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ప్లాటు అన్నారు. చెన్నై-బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 262 కిలోమీటర్లు, మన జిల్లా మీదుగానే పోతుంది. కానీ అది ఎక్కడబడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు, ఇంటర్‌ఛేంజ్ ఉన్నచోటే ఎక్కాలి, దిగాలి. దానికి ఆనుకున్న ప్లాటు అంటే కంచె అవతల నిలబడి లారీలను చూడటమే. అమ్మేవాడు చూపించే బ్రోచర్‌లో కాకుండా, దగ్గరి ఇంటర్‌ఛేంజ్ ఎన్ని కిలోమీటర్లో బండిమీద వెళ్లి కొలవండి.

పిల్లల చదువుకు ఫలానా కోర్సు అని ఇప్పుడే గిరి గీయకండి. పెద్దపాప ఇంటర్‌లో చేరేసరికి ఇంకా ఏడేళ్లుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మూడేళ్లలోనే ఎన్ని సలహాలు తిరగబడ్డాయో చూశారుగా. నాలుగు ఊళ్లలోనూ పనికొచ్చేవి నాలుగున్నాయి: తెలుగు, ఇంగ్లిష్ రెండింట్లో స్పష్టంగా రాయడం, మనసులో అంచనా లెక్క వేయడం, చేత్తో చేసే ఒక పని, తెలియనివాళ్లతో మాట్లాడటం. వారానికో గంట ఇలా చేయించండి: చంద్రగిరి కోట గురించి ఏఐని పది ప్రశ్నలు అడిగించి, తర్వాత కోటకే తీసుకెళ్లి మ్యూజియంలో రాసి ఉన్నదానితో పోల్చి తప్పులు పట్టించండి. మిషన్‌ను వాడటం అందరికీ వస్తుంది, దాని తప్పు పట్టడం నేర్పితేనే వస్తుంది.

మూడో సాయంత్రం: ఓడిపోయినట్టు ఊహించండి

ఇందుకు నమూనా మన పక్క జిల్లాలోనే ఉంది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ కూలాక, చంద్రయాన్-3కి ఇస్రో పద్ధతి మార్చింది. ఏది పనిచేస్తే గెలుస్తామని కాకుండా, ఏదేది చెడిపోవచ్చు, చెడినా ఎలా దిగాలి అని లెక్కవేసింది. దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి సుమారు 4 కిలోమీటర్లు, 2.5 కిలోమీటర్లకు పెంచింది, కాళ్లు గట్టిపరిచింది, ఇంధనం ఎక్కువ పెట్టింది. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న లేచి ఆగస్టు 23న దిగింది.

మీరూ అలాగే "ఇది 2036, మా ప్లాను పాడైంది" అని పేజీ పైన రాసి, ఎందుకు పాడైందో పది కారణాలు రాయండి. ఇంట్లో వాళ్లు విడివిడిగా రాయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. మీరు రాయని కారణం మీ ఇంటావిడ కాగితంలో ఉంటుంది, తరచూ అదే అసలుది. తర్వాత దిగే చోటు పెంచుకోండి: ఆర్నెల్ల ఖర్చు చేతిలో, ఒకరి ఆరోగ్య బీమా ఇంకొకరి ఉద్యోగం మీద ఆధారపడకుండా, తోపు కాగితాలు, పాసుపుస్తకం సరిగ్గా.

ఇక నోటుబుక్కు చివర గుర్తుల ఖాతా. ఏదైనా జరిగాక "బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు" అనడం మనకు అలవాటు. ఆ సౌకర్యం మీకు ఉండకూడదు. ప్రతి అంచనా పక్కన గడువు, నూటికి ఎంతో అంకె ఉండాలి. "2027 డిసెంబరులోపు ఈ-ఇన్‌వాయిస్ పరిమితి 5 కోట్ల నుంచి తగ్గుతుంది: 60" అని రాయండి. గడువు వచ్చాక లెక్క: జరిగితే 1, జరగకపోతే 0. మీ 0.6కూ (నూటికి 60) దానికీ తేడాను దానితోనే గుణించండి. జరిగితే 0.16, జరగకపోతే 0.36. వాతావరణ సూచనలను కొలవడానికి గ్లెన్ బ్రయర్ 1950లో చెప్పిన కొలత ఇది. అన్నిటికీ 50 అని రాసేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. ఇరవై అంచనాల తర్వాత మీ సగటు 0.25 కన్నా ఎక్కువుంటే మీ ఊహ కన్నా నాణెం ఎగరేయడం నయం. మొదటి ఏడాది అలా వస్తే ముందు ఒకటి చూసుకోండి: అన్నిటికీ 90, 95 రాసేశారేమో.

మీరు మారతారన్నది మరిచిపోతున్నారు

2013లో అచ్చైన, 19 వేల మందికి పైగా మనుషులతో చేసిన ఒక అధ్యయనంలో, గత పదేళ్లలో ఎంత మారామని జనం చెప్పారో, రాబోయే పదేళ్లలో అంతకన్నా తక్కువ మారతామనే అనుకున్నారు. అన్ని వయసులవాళ్లూ అంతే. కాబట్టి 2046లో 56 ఏళ్ల మీరు ఇప్పటి మీలా ఆలోచిస్తారని నమ్మి, వెనక్కి తీసుకోలేని నిర్ణయాలు తీసుకోకండి. తోపు అమ్మడం అలాంటిది, కౌలుకివ్వడం అలాంటిది కాదు.

మిగిలిన రెండూ త్వరగా. నూటయాభై ఏళ్ల సంగతి: రికార్డులతో రుజువైన అత్యధిక వయసు ఒక ఫ్రెంచి మహిళది, 122, ఆమె 1997లో పోయారు, ఇంతవరకూ ఎవరూ దాటలేదు. మీరు ప్లాన్ చేయాల్సింది 85 దాకా నడిచే మోకాళ్లకు, షుగర్ పరీక్షకు. అంగారకుడి సంగతి: వెళ్లడానికి అనువైన సమయం 26 నెలలకోసారి వస్తుంది, ఒకవైపు ప్రయాణమే ఆరు నుంచి తొమ్మిది నెలలు. మీ చిన్నవాడికి రాకెట్లంటే ఇష్టమైతే సూళ్లూరుపేట దాకా బస్సులో తీసుకెళ్లి ప్రయోగం చూపించండి, అది ఈ ఏడాదే అయ్యే పని.

మొదటిసారి చూసుకోవడానికి ఉగాది పెట్టుకోండి. పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు విని వచ్చాక, అదే పూట మీ నోటుబుక్కు తీసి గుర్తులు సరిచూడండి. రెండోది దసరాకు. అంకెలు మీరు రాయండి, చదవడం మాత్రం పెద్దపాప చేత చేయించండి. 2046 దాకా ఆ పుస్తకం ఎక్కువగా అవసరపడేది ఆమెకే.